పప్పుశనగ చేనుకు దుప్పటి

ఆ చేను ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. నల్లరేగడి మీద మోకాటి ఎత్తు పప్పుశనగ, దాని మీద పొగలా కదలని మంచు, ఊపిరి పీలిస్తే పులుపు వాసన. శనగాకు మీద రాత్రి చేరే తడి పుల్లగా ఉంటుంది. అందులో నడిస్తే కాళ్ళ పగుళ్ళు చుర్రుమంటాయి. కలలో కూడా చుర్రుమంటాయి, అదే నాకు విచిత్రం.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమనున్న ఆ ఊరికి నేను కోడలిగా వచ్చిన మొదటి చలికాలం అది. యాభైల నాటి మాట. మాకున్నది ఆ ఒక్క చేనే. కాయ నిలిస్తే నా మొగుడు ఇంటిపట్టున ఉంటాడు. లేదంటే ఊళ్ళోని మగవాళ్ళతో తుంగభద్ర కాలువ తవ్వడానికి పోతాడు. పోయినవాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు. పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. అతను గోడకానుకొని సంగటి తింటుంటే చూడడమే నాకు పండగ. పోవద్దని నోరు తెరిచి అడగాలంటే మాత్రం చచ్చేంత సిగ్గు. అత్త వింటే ఊరంతా చెప్పి నవ్వే మనిషి.

పూత రాలి కాయ పట్టే వేళకు పురుగు దిగింది. మొదట నా కళ్ళకు ఆనలేదు. పచ్చ కాయ మీద పచ్చ పురుగు, ఎండిన రెమ్మ మీద ఎండు రంగు పురుగు. అత్త నన్ను మొక్క పక్కన కూర్చోబెట్టి నేల చూడమంది. ఆవగింజల్లాగా నల్లటి పెంట రాలి ఉంది.

"ఇంగ పైకి సూడు. కాయకు బెజ్జం ఉంటాది. తలకాయ లోపలికి దూర్చి, ఒళ్ళు బయట ఏలాడేసుకొని తింటాంటాది, సిగ్గులేంది" అంది.

నిజంగానే సిగ్గులేని దానిలాగే తింటోంది.

నేను ఆదోనిలో పెరిగినదాన్ని. మా నాయనది పత్తి జిన్నింగు మిల్లులో పని. గాలి లేచినా, చినుకు పడినా పత్తి కుప్పల మీద పట్టాలు కప్పమని ఒకటే కేకలు. ఏది దక్కాలన్నా కప్పిపెట్టాలని నా బుర్రలో నాటుకుపోయింది. అత్త చుట్టాలింటికి పోయిన రోజు చూసుకొని, పెళ్ళికి పెట్టిన ఎమ్మిగనూరు దుప్పట్లన్నీ చేనికి మోసుకుపోయాను. కొత్త పురుగు చేరకుండా అందినంత మేర సాళ్ళ మీద పరిచి, అంచులకు మట్టిబెడ్డలు పెట్టాను. మంచులో ఎర్ర అంచు దుప్పట్లు కప్పుకొని పడుకున్న చేను ఎంత ముద్దుగా ఉండిందో! చూస్తూ చూస్తూ నేనూ గట్టు మీద కునుకు తీశాను.

వారం తర్వాత అత్త తిరిగొచ్చి ఒక దుప్పటి ఎత్తి చూసింది. కింద కాయలు లేవు, డొల్లలున్నాయి. పురుగులు నా చిటికెన వేలంత లావయ్యాయి. కప్పని సాళ్ళలో మాత్రం కాయ చాలావరకు నిలిచే ఉంది. గోరింకలు, తోక చీలిన నల్లపిట్టలు అక్కడ దిగి ఏరుకు తింటున్నాయి.

"పిట్టలు రాకుండా పురుగులకు పక్కేసి దుప్పటి కప్పినావు గదమ్మీ! జోలపాట గూడా పాడింటివా?"

ఆమె నవ్వింది. నేను సాళ్ళ మధ్యే కూలబడి ఏడ్చాను. దుప్పట్లు పాడైనందుకనుకొని అత్త నన్ను ఓదార్చింది.

మర్నాటి నుంచి తెల్లవారకముందే నాకు చేను దారి. కొర్రన్నంలో పసుపు కలిపి సాళ్ళ వెంట చల్లేదాన్ని. పచ్చటి మెతుకు పిట్టలకు దూరం నుంచే కనబడుతుందనీ, మెతుకు కోసం దిగిన పిట్ట పురుగును వదలదనీ అత్త చెప్పింది. అవి వాలడానికి అక్కడక్కడ ఎండుకొమ్మలు పాతాను. పిట్టలు వదిలిన పురుగును నేను చేత్తో ఏరి, కిరసనాయిలు కలిపిన నీళ్ళ ముంతలో వేసేదాన్ని. మంచు, రెక్కల చప్పుడు, పసుపంటిన నా వేళ్ళు... ఆ రోజులు మేలుకొని గడిపానో నిద్రలో గడిపానో ఇప్పుడు చెప్పలేను.

చివరికి సగం పైచిలుకు కాయ మిగిలింది. కాలువ పనికి పోయేవాళ్ళు ఒక పొద్దున మా వాకిట్లోకి వచ్చి కేకేశారు.

"రాప్పా, లారీ వచ్చింది, పోదాం!"

నేను పొయ్యి ముందు కూర్చొని, చిటపటలు అడ్డురాకుండా పుల్లలు వెనక్కి లాగాను.

"నేను రాలేనన్నా" అన్నాడు నా మొగుడు. "ఈమె ఆ సేను మింద పానాలు పెట్టుకొని బతుకుతాంది. కోత కాకుండా నేను పోతే గుండె పగులుతాది ఈమెకు."

ఆయన బతికినన్నాళ్ళూ, నాకు చేనంటే ప్రాణమని వచ్చినవాళ్ళందరికీ మురిసిపోతూ చెప్పుకున్నాడు. పిచ్చి మనిషి! ఆయన చనిపోయిన ఏడు పప్పుశనగ విరగకాసిందని ఊరంతా చెప్పుకున్నారు. నేను చూడ్డానికి కూడా పోలేదు.