తాతయ్య కొన్న జట్కా గుర్రం

మా తాతయ్య కృపారావు మేష్టారు పొట్టి మనిషి. బడి గోడ గడియారానికి కీ ఇవ్వాలంటే బెంచీ ఎక్కాల్సిందే. అలాంటాయన 1978లో గుర్రం కొంటానంటే నాయనమ్మ కాంతమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"సైకిలెక్కడానికే అరుగు కావాలి మీకు. గుర్రమెందుకండీ?"

"నాక్కాదే. నాన్నకి."

తాతయ్య తండ్రి దేవదానం వయసులో ఉండగా మునసబుగారి గుర్రం ముందు కళ్ళెం పట్టుకుని పరుగెత్తేవారు. దాణా పెట్టారు, మాలీసు చేశారు, ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కనిచ్చేవాళ్ళూ లేరు. ముసలాయన్ని గుర్రమెక్కించి, చర్చి దాకా తానే నడిపించుకు వెళ్ళాలని తాతయ్య కోరిక.

గోదావరి అవతల మంచి గుర్రాలున్నాయన్నారు. రేవు దాటించే పంటు మీద బెదిరి నీళ్ళలో దూకితే? అందుకని అమలాపురంలోనే, జట్కా పెదబాబు దగ్గర బేరం కుదిరింది.

"పొగరేమైనా ఉందా?"

"పొగరా! ఉయ్యాల్లో కూర్చున్నట్టుంటదండి. ఒకటే గుణమండి, సంచీ పట్టుకుని ఎవరు నించున్నా ఆగిపోద్ది. బేరమనుకుంటది."

మా ఊరు ముక్తేశ్వరం చేరేలోపు అది సంతకెళ్ళే వాళ్ళందరి దగ్గరా ఆగింది. ఒక మామ్మగారైతే ఛార్జీ ఎంతని తాతయ్యనే అడిగింది.

ఆదివారం పొద్దున్నే గుర్రం వీపున దుప్పటి మడతేసి, "ఎక్కు నాన్నా" అన్నారు తాతయ్య.

దేవదానం దాని మెడ నిమిరారు. "నేనా? తప్పురా బాబూ. మేష్టారివి, ముందు నువ్వెక్కు. చూసి ఎక్కుతాను."

తాతయ్య అరుగు మీంచి ఎక్కారు. ముసలాయన బైబిలు సంచీ చంకలో ఇరికించుకుని, కళ్ళెం పట్టుకుని, ముందు పరుగు లంకించుకున్నారు. ఎవరూ చెప్పలేదు. కాళ్ళకి అలవాటు.

అప్పుడే దిగిపోవాలి. కానీ వీధి వీధంతా చూస్తోంది. మునసబుగారి అరుగు మీద వాళ్ళు కూడా లేచి చూస్తున్నారు. అంత ఎత్తు నుంచి ఊరు తాతయ్యకెప్పుడూ కనబడలేదు. వెన్ను దానంతటదే నిటారయింది. మలుపులో దిగుదామనుకున్నారు. మలుపు దాటిపోయింది.

కాలవ వంతెన దగ్గర ఆయాసమొచ్చి దేవదానం నిలబడిపోయారు, చంకలో సంచీతో. గుర్రం టక్కున ఆగింది. తాతయ్య నోట మాత్రం అనకూడని మాట వచ్చింది.

"ఇంకెంతో లేదు నాన్నా. నడు."

"ఆయ్" అన్నారు దేవదానం.

కొడుకుతో ఆయన ఎన్నడూ అలా అనలేదు. అది మునసబుగారికి చెప్పే జవాబు.

చర్చి అయ్యాక తాతయ్య ఎంత బతిమాలినా ఎక్కలేదు. "కాళ్ళు లాగుతున్నాయిరా. వచ్చేవారం చూద్దాంలే." వచ్చేవారానికి మంచం పట్టారు. ఆ వానాకాలం దాటలేదు.

గుర్రాన్ని తాతయ్య పెదబాబుకే ఊరికే ఇచ్చేశారు.

తర్వాత స్కూటరు కొన్నారు. దారిలో సంచీతో ఎవరు నిలబడ్డా ఆపుతారు. మేం ఏ పెళ్ళికెళ్ళినా ఆఖరి పంక్తే. "గుర్రాన్నిచ్చేసి దాని గుణం ఉంచేసుకున్నారు" అని నాయనమ్మ దెప్పుతుంది. ముసలివాళ్ళు కనబడితే ఆవిణ్ణి దింపేసి మరీ ఎక్కించుకుంటారు.

"వద్దు బాబూ, నడుస్తాను" అన్నారా, ఇక అంతే. ఇంజను ఆపి, తనూ దిగి, స్కూటరు తోసుకుంటూ వాళ్ళ పక్కనే నడుస్తారు.