అర్థమైంది మేడం

కూకట్‌పల్లిలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పుకునే నన్ను, తొంభైల చివర్లో, మాదాపూర్‌లోని ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ టీవీలోకి ఎక్కించింది. ఎక్కించిందంటే పెద్ద భోగమేం కాదు. కిటికీల్లేని గది, ఒక తెల్ల బోర్డు, ఒక కెమెరా. నేను ప్రోగ్రామింగ్ పాఠం చెబుతుంటే అది శాటిలైట్ మీదుగా నాలుగు ఊళ్ళలోని సెంటర్లలో అప్పటికప్పుడు టీవీలో కనబడేది. పిల్లలు మాత్రం నాకు కనబడరు. అక్కడ ఎవరైనా మైకు నొక్కితే వాళ్ళ గొంతు రెండు క్షణాలు ఆలస్యంగా వినబడేది, అంతే. మూడు నెలలు చూస్తామనీ, పిల్లలకు అర్థం కావట్లేదని తేలితే ఇక సెలవనీ డైరెక్టరుగారు మొదటిరోజే మర్యాదగా చెప్పేశారు. నేనేమో కాలేజీలో రాజీనామా ఇచ్చేసి వచ్చాను. అక్కడ నా కుర్చీలో అప్పటికే ఇంకొకావిడ కూర్చుంది.

అందుకే కాబోలు, పది నిమిషాలకోసారి ‘అర్థమైందా?’ అని అడిగేదాన్ని. రెండు క్షణాలు ఆగి నాలుగు ఊళ్ళూ ‘అర్థమైంది మేడం’ అనేవి. ఎంత హాయిగా ఉండేదో. కాలేజీలో కళ్ళెదుట కూర్చున్నవాళ్ళు ఏనాడూ అంత ముద్దుగా అనలేదు. ఇంటికెళ్ళి మావారి దగ్గర ఎన్ని గొప్పలు పోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ నీకు అదే మాట చెబుతున్నాను కదా అనేవారు.

కెమెరా పట్టే అతను కొండాపూర్ ఊరివాడు. నా గొప్ప మీద అతనికి నమ్మకం కుదరలేదు.

“అంత మంచిగ అర్థమైతే ఒక్క డౌట్ గూడ వస్తలేదేంది మేడం?” అన్నాడొకరోజు.

నీ కెమెరా సంగతి నువ్వు చూసుకో అన్నట్టు చూశాను. ఆ వారమంతా అతనితో ముభావంగానే ఉన్నాను కూడా.

రెండో నెల మధ్యలో చిన్న పరీక్ష పెట్టాం. కాగితాలు కొరియర్లో వచ్చాయి. మూడు సెంటర్లవి ఫరవాలేదు. నాలుగోది కరీంనగర్ అవతల చిన్న టౌను. ఆ కాగితాల్లో ఒక్క ప్రోగ్రామూ పూర్తిగా లేదు. ఒకరి దాంట్లో ఒకరు చూసి రాశారనుకుని, ఎర్రపెన్ను తీసి కసిగా కొట్టేయడం మొదలుపెట్టాను. ఐదారు కాగితాలయ్యాక చెయ్యి ఆగింది. అందరి కాగితాల్లోనూ ప్రతి పొడుగాటి లైనూ కుడివైపు ఒకే చోట తెగిపోయి ఉంది. తీసుకెళ్ళి కెమెరా అతనికి చూపించాను. ఆ సెంటర్లో టీవీ బొమ్మ కుడి అంచును కోసేస్తోందనీ, బోర్డు కుడివైపున జానెడు మేర వాళ్ళకు మొదటినుంచీ కనబడనే లేదనీ ఒక్క చూపులో తేల్చేశాడు. నేను ముందే చెప్పిన కదా అని మాత్రం అనలేదు, మంచివాడు. మొహంతో అన్నాడు.

ఆరు వారాలు. తెగిపోయిన పాఠాన్ని తెగిపోయినట్టే బుద్ధిగా పుస్తకాల్లోకి ఎక్కించుకుని, రోజూ అర్థమైంది మేడం అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు క్లాసు మొదలవగానే, ఎందుకు చెప్పలేదని ఆ సెంటరు వాళ్ళను నిలదీశాను. రెండు క్షణాలయ్యాయి, నాలుగయ్యాయి, ఆరయ్యాయి. చివరికి ఒకమ్మాయి మైకు అందుకుంది.

“మీ క్లాసు హైదరాబాద్‌ల పెద్దసార్లు గూడ వింటరట మేడం. సమజ్ కాలేదని అంటే మీ నౌకరి పోతదని మా సెంటర్ సార్ చెప్పిండు. మీరు మంచిగ మాట్లాడ్తరు. అందుకే అనలే.”

నా కోపం ఎటు పోయిందో ఏమో. నా ఉద్యోగం నిలబెట్టడానికి ఆ పిల్లలు తమ చదువు పాడుచేసుకుంటుంటే, నేను ఇంట్లో కూర్చుని గొప్పలు పోయాను. చచ్చేంత సిగ్గేసింది. కళ్ళు తుడుచుకుందామంటే ఎదురుగా కెమెరా. అతను అడక్కుండానే దాన్ని బోర్డు మీదికి తిప్పేశాడు.

ఆరోజుతో ఆ ప్రశ్న మానేశాను. బోర్డు మధ్యలోనే రాసి, రాసిన ప్రతి లైనునూ ఏదో ఒక ఊరి చేత చివరిదాకా చదివించేదాన్ని. తరవాత ఏం రాయాలో మీరే చెప్పండని పేరు పెట్టి పిలిచి అడిగేదాన్ని. అర్థం కాకపోతే కాలేదనే చెప్పాలని రోజూ నూరిపోశాను. ఇంక చూడండి, డౌట్ల వరద. గంట పాఠంలో ముప్పావుగంట వాటికే సరిపోయేది. సిలబస్ ఎక్కడిదక్కడే ఉంది. ఈ సంగతి చేరవలసిన చెవిన చేరింది. మూడో నెల ఆఖరి వారం డైరెక్టరుగారు స్వయంగా స్టూడియోకి వచ్చి, కెమెరా పక్కన కుర్చీ వేయించుకున్నారు. పాఠం మధ్యలో ఆపించి, మైకు తీసుకుని, తాను ఫలానా అని చెప్పి, మేడం చెప్పేది అర్థమవుతోందా అని ఆ కరీంనగర్ అవతలి సెంటరునే అడిగారు.

ఈ ఒక్కరోజుకీ ఆ పాత మాటే అనండమ్మా, మీకు పుణ్యముంటుంది అని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. రెండు క్షణాలు గడిచాయి. మళ్ళీ ఆ అమ్మాయే.

“అన్నీ కాలే సార్. ఏవి అయినయో ఏవి కాలేదో ఇప్పుడైతే మాకు ఎరుకనే. కానివి రేపు మేడంనే అడుగుతం.”

డైరెక్టరుగారు మైకు బల్ల మీద పెట్టారు. తరవాత లేచి, రేపటినుంచి ఈవిడకి గంట చాలదు, గంటన్నర ఇవ్వండని కెమెరా అతనితో చెప్పి వెళ్ళిపోయారు.