అన్న కాలి ముక్క

మొన్నామధ్య హైదరాబాదులో మా మేనల్లుడి భుజం మీది గడ్డలోంచి సూదితో పిసరంత కండ తీసి పరీక్షకు పంపారు. చూశాక దాన్ని ఎక్కడ పెడతారని నేను అడిగితే అక్కడ పనిచేసే పిల్ల నావైపు వింతగా చూసింది. మేనల్లుడు "దాంతోని మనకేం పని మామా, రిపోర్టు వస్తే సాలదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా అవ్వ, నన్ను కన్నతల్లి, గుర్తొచ్చింది.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో, చొప్పదండిలో మాది గుంతమగ్గం ఇల్లు. నేను బడికి పెద్దగా పోకపోయినా లెక్కలు సొంతంగా పట్టుబడి నూలు దుకాణంలో పద్దులు రాసేవాణ్ణి. అన్న గుంతలో రెండు కాళ్లూ ఆడిస్తూ నేసేవాడు. ఆ అన్నకు ఎడమ మోకాలి పైన ఎముక వాచింది. ఎముకలు కట్టే ఆయన పసరు పోసి కట్టు కట్టినా తగ్గకపోగా, నొప్పికి పళ్లు బిగబట్టుకొని పడుకునేవాడు. కరీంనగర్ దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరు, ఇది ఎముకలో చీము పట్టడమైనా కావచ్చు, క్యాన్సరైనా కావచ్చు, చీము అయితే మందులు, రెండోదైతే తొడ దాకా కాలు తీయాలి, ముక్క కోసి పరీక్ష చేయించనిదే ఏదీ తేల్చనన్నాడు. కత్తి తగిలితే రోగం ఒళ్లంతా పాకుతుందని బాపు వద్దంటుంటే అన్నే తెగించాడు.

"కొయ్యనియ్యి బాపూ. ఒంటికాలోడు నేసిన చీరెను సగం ధరకు అడుగుతరు, గా ఫికరొక్కటే నాకు."

ముక్కను మందునీళ్ల సీసాలో వేసి, హైదరాబాదు పెద్ద దవాఖానలో ఇమ్మని నా చేతికే ఇచ్చారు. బస్సులో దాన్ని తువ్వాలలో చుట్టి ఒళ్లో నిలబెట్టి పట్టుకున్నాను. పక్కనున్న పెద్దమనిషి కన్నుగీటి, "ఏందిర తమ్మీ, గుడుంబనా? మంచిగ దాస్తున్నవ్, జర మాకూ పొయ్యి" అంటే చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను మాత్రం, రెంటిలో ఒకటన్నాడు గదా డాక్టరు, అంటే సగానికి సగం, అని దారి పొడుగునా అదే లెక్క వేసుకుంటూ పోయాను. జవాబులు రెండున్నంత మాత్రాన సగం సగం కాదని, అసలు సంగతి ఎప్పుడో తేలిపోయి ఆ సీసాలో, నా ఒళ్లోనే కూర్చుందని తట్టేసరికి దాన్ని రెండు చేతులతో పొదివి పట్టుకున్నాను.

ఆ దవాఖాన వరండాలోనే రోజుల తరబడి కనిపెట్టుకొని ఉన్నాను. క్యాన్సరే.

కాలు తీశాక బాపు దాన్ని తన ధోవతిలో చుట్టుకొని ఊరికి తెచ్చి, మనిషిని పెట్టినట్టే మట్టిలో పెట్టాడు. అవ్వ పసుపు చల్లి నావైపు తిరిగి, "మరి నువ్వు తీస్కపోయిన ముక్క ఏదిరా?" అంది. మళ్లీ హైదరాబాదు పోయి కనుక్కొచ్చాను. మైనంలో పొదిగి దాచారట, మళ్లీ చూడాల్సి వస్తే కావాలట, ఇవ్వరట.

"మైనంలనా" అని అవ్వ నా దగ్గరికి జరిగి, "ఒక్కటే పెట్టిన్రా, పక్కన ఇంకెవలియన్న ఉన్నయా?" అని అడిగింది. చాలా ఉన్నాయన్నాను. అప్పటికి కొంచెం నెమ్మదించింది.

అన్న గోడకానుకొని నూలు కండెలు చుడుతూ రెండు వానాకాలాలు గడిపాడు. తర్వాత రోగం ఊపిరితిత్తులకెక్కి పోయాడు. అవ్వా బాపూ కూడా వెళ్లిపోయారు, మగ్గం గుంత పూడిపోయింది.

మేనల్లుడిది ఉత్త కొవ్వుగడ్డేనని మూడోనాటికే చెప్పారు. ఇప్పుడు ముక్కను ఎవరూ ఒళ్లో పెట్టుకొని మోయనక్కర లేదు, మంచిదే. అయినా ఆ పెద్ద దవాఖాన ముందునుంచి బస్సు పోతున్నప్పుడల్లా, లోపల ఎక్కడో మా అన్న ఇంకా గోరంత ఉన్నాడేమోనని, పక్కన ఇంకెవరైనా ఉన్నారో లేదోనని తల తిప్పి చూస్తాను.