పదకొండు గంటల మాత్ర

ఆకలి పుట్టేది కడుపులోనా, మిల్లు కూతలోనా? హుగ్లీ ఒడ్డున జూట్ మిల్లు గోడ పక్కన నలభై ఏళ్లు కాపురమున్నా దీనికి జవాబు దొరకదు.

నిబారన్ మైతీ ఆ మిల్లులో నేతగాడు. రెండు మగ్గాలు అతని చేతికింద ఆడతాయి. ‘ఏ’ షిఫ్టులో ఉంటే పొద్దున ఆరింటికి ఎక్కి, పదకొండింటికి ఇంటికొచ్చి, మళ్లీ రెండు నుంచి అయిదు దాకా పని. ‘బీ’ షిఫ్టులో సరిగ్గా తలకిందులు: పదకొండింటికి ఎక్కితే రెండింటికి అన్నం, అయిదింటికి మళ్లీ మగ్గం. వారం వారం షిఫ్టు మారుతుంది. ఆ సంగతి కడుపుకు ఎవరు చెబుతారు? ఇరవై రెండేళ్లు వేళాపాళా లేకుండా తిని, నిద్ర ఆపుకోవడానికి తీపి టీలు తాగి తాగి, చివరికి ఒంట్లోకి చక్కెర జబ్బు తెచ్చుకున్నాడు.

మిల్లు డాక్టరు మాత్రలు రాసి, మధ్యాహ్నం అన్నానికి ముందు వేసుకోమన్నాడు. అది ‘ఏ’ షిఫ్టు వారం. పదకొండు కూత వినబడగానే మాత్ర, ఇంటికెళ్లగానే చేపల పులుసు. లెక్క కుదిరిందని నిబారన్ మురిసిపోయాడు.

‘బీ’ షిఫ్టు వారం వచ్చింది. పదకొండు కూత కూసింది. అలవాటుగా మాత్ర మింగి మగ్గాల ముందు నిలబడ్డాడు. పొద్దున ఏడింటికి తిన్న గుప్పెడు మరమరాలు ఎప్పుడో అరిగిపోయాయి. పన్నెండున్నరకల్లా చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒకటి రెండై కనబడింది. పక్క మగ్గం ఇద్రీస్ ఉరికి వచ్చి బెల్లం ముక్క నోట్లో కుక్కాడు.

"నములు దాదా, నములు! తిట్టేది తర్వాత తిట్టు!"

కూలీలపై అజమాయిషీ చేసే సర్దారు చూడనే చూశాడు. "కళ్లు తిరిగేవాడికి మగ్గం ఇవ్వను. రేపు డాక్టరు చీటీ తే. లేదంటే గోనెలు మడత పెట్టుకో."

రెండింటికి ఇంట్లో భార్య షెఫాలి అన్నం వడ్డిస్తూ అడిగింది. "మాత్ర ఎప్పుడు మింగావు?"

"పదకొండు కూతకే."

"మరి అన్నం?"

"ఇదిగో, ఇప్పుడు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "మూడు గంటలు ఖాళీ కడుపుతో మాత్రని మోశావా? ఆ కూతనే కట్టుకోకపోయావా, నన్నెందుకు చేసుకున్నావయ్యా!"

నిబారన్ మెతుకుల చేత్తోనే లేచి నిలబడ్డాడు. "అంటే... మాత్ర వేళ తప్పిందంతే, రోగం ముదరలేదు! షెఫాలీ, మగ్గాలు పోవు!"

"కూర్చో ముందు. తిను!"

మర్నాడు తొమ్మిదింటికే ఆస్పత్రిలో ఉన్నాడు. రక్తం తీసుకుంటుండగానే మొదలుపెట్టాడు. "తప్పు ఒంటిది కాదు డాక్టర్‌బాబూ, వేళది!" ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాడు. డాక్టరు కలం కింద పెట్టాడు.

"నీ మధ్యాహ్నం ఎన్నింటికో నేనే అడగాల్సింది. ఇకమీద ఏ షిఫ్టయినా సరే, కంచం ముందుకొచ్చాకే మాత్ర. జేబులో బెల్లం ఉంచుకో. టీలో చక్కెర బంద్."

"మగ్గాలు?"

"నడుపుకో."

"రెండూనా?"

"రెండూనయ్యా."

సంతకం తడి ఆరకముందే చీటీ నిబారన్ గుప్పిట్లో ఉంది. వెనక డాక్టరు వచ్చే వారం పరీక్ష గురించి ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. వెళ్లొస్తానన్న మాటైనా అనకుండా, లుంగీ ఎగ్గట్టి, నిబారన్ అప్పటికే మిల్లు గేటు వైపు పరుగెడుతున్నాడు.