పాత ఇంజన్ చల్లారిన మధ్యాహ్నం

మొన్న ఇచ్చోడ దగ్గర టీ తాగుతుంటే పక్కనే ఒక కారు బానెట్ ఎత్తి ఆపారు. రేడియేటర్ పొంగి కూలెంట్ కలిసిన పచ్చనీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి. కాలిన ఇనుముతో కలిసిన ఆ తియ్యటి వాసన ముక్కుకు తగలగానే చేతిలోని టీ తాగబుద్ధి కాలేదు. కారులో వచ్చిన కుర్రాళ్లు నవ్వుకుంటూ సెల్ఫీలు దిగుతున్నారు. దిగనీ, వాళ్లకేం తెలుసు. నాకు మాత్రం ఆ వాసన వస్తే లస్మన్న గుర్తుకొస్తాడు. నిర్మల్ దాటాక వచ్చే ఘాట్ గుర్తుకొస్తుంది.

లస్మన్నది ఇక్కడే, హైవే పక్కన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు. గల్ఫ్‌లో డ్రైవర్ పని చేసి, చాలనుకుని తిరిగొచ్చాక నేను ఆయన దగ్గర చేరాను. షెడ్డుతో పాటు ఆయనకొక పాత ఎస్‌యూవీ ఉండేది, ఊరంతా ఎక్కినా ఇంకొకరికి చోటుందనిపించే రకం. దాని వెనక సీట్లు పీకేసి, ఇనుప పట్టాలు బిగించి, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల పెట్టెలను హైదరాబాద్ విమానాశ్రయం నుంచి ఊళ్లకు చేర్చేవాడు. మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు అలాంటి పెట్టె దిగని ఊరు వెతికినా దొరకదు. మొదటిసారి స్టీరింగ్ ఇస్తూ, "దుబాయ్‌ల ఏసీ బండ్లు తోలినోనివి. గీ గేరు నీ చేతికి లొంగుతదా?" అన్నాడు. లొంగలేదు. ఆ రోజంతా తిట్టాడు, సాయంత్రం తన డబ్బాలోంచి సగం అన్నం నాకు పెట్టాడు. ఆయన తిట్టేది పనిని, మనిషిని కాదు. అది అర్థమవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మొదటి పెట్టెను ఒక ఇంటి ముందు దించినప్పుడు, ఆ తల్లి ఏడుస్తుంటే ఎక్కడ నిలబడాలో తెలియక ఫోను చూసుకుంటూ దూరంగా నిలబడ్డాను. తిరుగుదారిలో లస్మన్న "గా పెట్టె తెచ్చినోనివి నువ్వు. గా అవ్వ నీ మొఖం దిక్కే సూస్తది. పోయి పక్కన నిలవడు. ఏం మాట్లాడకున్నా మంచిదే" అన్నాడు. ఆ తర్వాత ఏ ఇంటి ముందూ నేను దూరంగా నిలబడలేదు.

ఆ ఎండాకాలం తెచ్చిన పెట్టె శీనుది. ఇచ్చోడకు లోపలగా ఉన్న ఒక ఊళ్లో గంగారాం అనే రైతుకు ఒక్కగానొక్క కొడుకు. గల్ఫ్‌లో నిద్రలోనే పోయాడట. కాగితాలు తెమిలి పెట్టె రావడానికి వారాలు పట్టింది. గంగారాంను కూడా ఎక్కించుకుని పొద్దున విమానాశ్రయం నుంచి బయలుదేరాం, మిట్టమధ్యాహ్నానికి ఘాట్ ఎక్కుతుంటే సగంలో బండి పొంగి ఆగిపోయింది. చిన్న ఇంజన్, మీద ఏసీ భారం, వెనక పెట్టె బరువు. నేను డబ్బా పట్టుకుని నీళ్ల కోసం కిందికి పోయాను. తిరిగొచ్చేసరికి గంగారాం పెట్టెకు చెవి ఆనించి "శీనూ, శీనూ" అని పిలుస్తున్నాడు. కాటికి పోయే దారిలో దింపుడు కళ్లం దగ్గర శవం చెవిలో పిలుస్తామే, అలా.

"తమ్మీ, లోపటి నుంచి కొడుతుండు. నేను పిలిస్తె పలుకుతుండు" అన్నాడు గంగారాం.

"ఇంజన్ సల్లారుతుంది గంగన్నా. కాలిన ఇనుము సల్లారితె టిక్కుటిక్కు అంటది" అన్నాడు లస్మన్న.

"ఇంజన్ ముంగట ఉన్నది గద. సప్పుడు గీడికెళ్లి వస్తుంది. నీ కాల్మొక్త, జర తెరువు."

నాకు ఏ చప్పుడూ వినబడలేదు. అప్పటికి ఆగిపోయిందేమో. లస్మన్న పెట్టె తెరవలేదు. అన్ని వారాల తర్వాత ఎండాకాలంలో అలాంటి పెట్టెలో ఏముంటుందో ఆయన ఇంతకుముందు చూశాడు. అది తండ్రి చూడాల్సింది కాదు. నీళ్లు పోసి బండి స్టార్ట్ చేశాడు. ఊళ్లోనూ పెద్దమనుషులు తెరవొద్దనే అన్నారు. పెట్టెతోనే పూడ్చారు.

నెల తిరగకముందే శీను తల్లి షెడ్డుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "మా ముసలోడు బువ్వ తింటలేడు లస్మన్నా. బొంద కాడికి పోయి భూమికి చెవి ఆనిచ్చి పంటుండు. బతికున్న కొడుకును బొందవెట్టిన అంటుండు. నిన్న గడ్డపార పట్కపోయిండు, ఊరోళ్లు గుంజుకున్నరు" అంది. లస్మన్న చేతిలోని పానాను బట్టతో తుడుస్తూనే ఉండిపోయాడు. కొడుకు పోయిన దుఃఖం ఒకటైతే, తానే చంపానన్న నమ్మకం ఇంకొకటి. ఆ మనిషి రెండూ మోస్తున్నాడు.

ఆ వారంలోనే లస్మన్న నాగపూర్ వెళ్లి, ప్రమాదంలో నుజ్జయిన ఒక పెద్ద బండి ఇంజన్, దాని గేర్‌బాక్సు తెచ్చాడు. బండి ఇక ఘాట్ మీద ఆగకూడదన్నాడు. అందరూ ఉరకడానికి పెద్ద ఇంజన్ పెట్టించుకుంటారు, ఈయన ఆగకుండా ఉండటానికి పెడుతున్నాడు. పని మేం అనుకున్నంత సులువు కాలేదు. ఇంజన్‌ను మోసే పట్టీలు కోసి మళ్లీ వెల్డింగ్ చేశాం. కొత్త గేర్‌బాక్సు పొడవెక్కువ, అందుకని వెనక చక్రాలకు పోయే షాఫ్టును పొట్టి చేయించాం. రేడియేటర్ పెద్దది పెట్టాం. బరువు పెరిగిందని బ్రేకులు మార్చేదాకా బండిని షెడ్డు దాటనివ్వలేదు. సైలెన్సర్ పైపు కూడా పాతది సరిపోలేదు. నేను దాన్ని తుక్కులో వేయబోతే "గది ఆడనే ఉంచు" అన్నాడు.

బండి పని అయ్యాక పాత ఇంజన్‌ను షెడ్డు వెనక దుంగల మీద కట్టించాడు. రేడియేటర్, బ్యాటరీ, డీజిల్ డబ్బా తగిలించి, దానికి ఆ పాత పైపును బండి కింద ఉన్నట్టే పొడవుగా బిగించాడు. అప్పుడు గంగారాంను, ఆయన భార్యను పిలిపించాడు. గంగారాం సగమైపోయాడు. చొక్కా ఆయనది కానట్టు వేలాడుతోంది.

"గంగన్నా, గీ ఇంజనే ఆ దినం ఆగింది. గీ పైపు బండి కిందికెళ్లి, పెట్టె కిందికెళ్లే పోతది. గిప్పుడు బండి లేదు, పెట్టె లేదు. నువ్వే ఇను" అని లస్మన్న ఇంజన్ నడిపించాడు. చేయి పెట్టలేనంతగా కాలేదాకా నడిపి ఆపేశాడు. గంగారాం పైపు చివర గొంతుకూర్చున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత టిక్కుమంది. ఆయన ఉలిక్కిపడి, "శీనూ" అన్నాడు. పైపు మళ్లీ టిక్కుమంది. "శీనూ" అన్నాడు మళ్లీ. మళ్లీ పలికింది. ఇదేం పని చేశాడీయన, ఉన్న పిచ్చిని ముదరబెట్టాడే అనుకున్నాను.

గంగారాం పిలవడం ఆపేశాడు. పైపు ఆపలేదు. ఎవరూ పిలవకపోయినా ఒకసారి, ఆగి ఇంకోసారి, అలా పలుకుతూనే ఉంది. ఆయన అది పూర్తిగా చల్లారేదాకా కదలకుండా విన్నాడు.

"నేను పిలువకున్న పలుకుతుంది" అన్నాడు చివరికి. "గిదే. గిదే సప్పుడు." భార్య వైపు తిరిగి, "వాడు సచ్చే వచ్చిండే" అన్నాడు. ఆమె ఆయన పక్కన కూలబడింది. ఇద్దరూ అప్పుడు ఏడ్చారు, పూడ్చిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా. వాళ్లను చూస్తూ లస్మన్న మీద నాకు కోపమొచ్చింది, దండం పెట్టాలనీ అనిపించింది. ముసలాయనకు మిగిలిన ఆ కాస్త ఆశనూ తీసేశాడు. తీయకపోతే ఆ ఆశే ఆయనను తినేసేది.

వాళ్లను ఊళ్లో దింపి కొత్త ఇంజన్ మీద తిరిగొస్తూ నేనన్నాను, "గంగన్న కోసం మంచి ఉపాయం చేసినవు ఉస్తాద్."

"గంగన్న కోసమే అనుకుంటున్నవా?" అన్నాడు లస్మన్న. "నువ్వు నీళ్లకు పోయినప్పుడు నేను గూడ ఇన్న. సచ్చినోడని ఎరికే. సల్లారే ఇనుమని ఎరికే. అయినా ఆయన పిలువంగనే పలికితె నా పానం జల్లుమన్నది. పెట్టె దిక్కు సూడకుంటనే బండి స్టార్ట్ చేసిన. అప్పటి సంది నాకు గూడ నిద్ర లేదు."

"మరి ఇయ్యాల ఇన్నది గదే సప్పుడా?"

ముందు పోతున్న లారీని దాటాక, "గంగన్న గదే అన్నడు గద" అన్నాడు.

లస్మన్న పోయి రెండేళ్లవుతోంది. బండి ఇప్పుడు నేను నడుపుతున్నాను. పెద్ద ఇంజన్ పడ్డాక అది ఘాట్ మీద ఒక్కసారీ ఆగలేదు. అయినా విమానాశ్రయంలో పెట్టె ఎక్కించాక, తలుపు వేసే ముందు ఇంటివాళ్లకు ఒక మాట చెబుతాను. "దారిలో యాడన్న ఆగితె కిందికెళ్లి టిక్కుటిక్కు అని సప్పుడొస్తది. అది ఇనుము సల్లారే సప్పుడు. ఫికర్ వడకుండ్రి." తల ఊపుతారు. ఊపుతూనే ఎవరో ఒకరు, తల్లో తండ్రో, పెట్టె వైపు చూస్తారు. నేనూ చూస్తాను.