బోర్డు మీది అగ్ని

ఒమన్‌లో ఇరవై ఆరేళ్లుగా వెల్డింగు చేస్తున్న నర్సింగ్ చేతి కింద ఒక్కనాడూ మంట లేచింది లేదు. రూవిలో మూడంతస్తుల ఇనుప మెట్లు, ఘుబ్రాలో ట్యాంకుల స్టాండ్లు ఆయన అతికించినవే. కోరుట్ల దగ్గరి ఊరి బడిలో చదివింది ఏడో తరగతే అయినా, డిక్టేషన్‌లో ఎప్పుడూ ఆయనే ఫస్టు.

అటువంటి మనిషికి వారం రోజులుగా కోపం దిగడం లేదు. అల్ అమెరాత్ సైటులో ఇంకో వెల్డరు దగ్గర గోనెసంచికి నిప్పురవ్వ అంటుకుంటే, కొత్తగా వచ్చిన దేవదాసు ఆర్పే సిలిండరు కోసం వెతికాడు. ఎదురుగానే మూసిన పెట్టెలో ఉంది. పైన ‘అగ్నిమాపక సాధనము’ అని బోర్డూ ఉంది. కూడబలుక్కుని చదివినా అర్థంకాక, ఆఫీసు నోటీసేమోననుకుని దాటిపోయి, వట్టి చేత్తో సంచి లాగి అరచెయ్యి కాల్చుకున్నాడు.

“సదువు రానోనికి నేనేం జెయ్యాలె?” అన్నాడు ఆ బోర్డు రాయించిన, సేఫ్టీ చూసే రఘుపతి, వారం తర్వాత కూడా.

అంతే, బోర్డు మార్చేదాకా వెల్డింగు మిషను ముట్టనని నర్సింగ్ భీష్మించుకుని కూర్చున్నాడు.

ఆ రోజే తనిఖీకి లిథువేనియా ఇంజనీరమ్మ రాసా వచ్చింది. రఘుపతి బోర్డు చదివి వినిపించగానే ఆమె సంబరపడింది. వాళ్ల భాషలో నిప్పును ‘ఉగ్నిస్’ అంటారట. ఒకరి దగ్గర్నుంచి ఒకరు తెచ్చుకున్నది కాదట. వేల ఏళ్ల నాటి ఒకే భాషలోంచి సంస్కృతం ‘అగ్ని’, వాళ్ల ‘ఉగ్నిస్’ రెండూ పుట్టాయట.

“ఇన్నవా నర్సన్నా? ఇంత పాత మాటను చెరిపెయ్యమంటవా?”

నర్సింగ్ రఘుపతివైపు చూడలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆమెనే అడిగాడు. “మీ ఊళ్ల పొయ్యి కాడ ఏమంటరు మేడమ్?”

“ఉగ్నిస్ అనే. పిల్లలూ అదే అంటారు. మా అమ్మమ్మ పొయ్యిలో నిప్పుల మీద బూడిద కప్పుతూ దానితోనే మాట్లాడేది.”

“మాకు అగ్ని పెండ్లి పందిట్ల అయ్యగారి నోట్లె ఉంటది. పొయ్యి కాడ మేం నిప్పంటం, మంటంటం!”

“ఏడు సదివినోడివి, నాకు తెలుగు నేర్పుతవా?”

“ఏడే! ఇరవై ఆరేండ్లల నా పని కాడ ఒక్క చెయ్యి కాలలే. నీ బోర్డు కింద కాలింది. మాట పుట్టుక గొప్పదైతే పుస్తకంల రాసుకో. ఈడ రాసేది పానం పట్టుకొని ఉరికేటోని కోసం!”

రాసా దేవదాసు కట్టు చూసింది. బోర్డు మారేదాకా పని ఆపమని రిపోర్టులో రాసింది. రఘుపతి గొణుక్కుంటూ ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు.

“ఏమని రాయాలె?”

“మంటలార్పే సిలిండరు.”

“ఎంత పెద్ద అచ్చరాలు?”

“పొగల కండ్లు మండుతున్నా కనవడేంత!”