స్నానాలబండ పక్కన పచ్చపూల గుంటగలగర

పోయిన శనివారం మధ్యాహ్నం వంటింట్లో తలనూనె కాచాను. నువ్వులనూనెలో గుంటగలగరాకు పసరు పోసి సన్నని సెగ మీద పెడితే ముందు పచ్చి ఆకు చేదు, తరవాత కర్పూరంలాంటి చల్లదనం, చివరికి వాన పడ్డ మట్టి వాసన వరసగా లేచి, చీరకొంగుకీ గుమ్మానికున్న పరదాలకీ పట్టుకుని రెండు రోజులదాకా వదలవు. ప్రతి ఏడూ ఆ వాసనకి ప్రాణం లేచొచ్చేది. ఈసారి నడుంనొప్పి మాత్రమే తెలిసింది. సోమవారం మేస్త్రి వస్తానన్నాడు. పెరడంతా సిమెంటు చేయించి, మేడ మీద అద్దెకిచ్చే వాటాకి మెట్లు అక్కణ్ణుంచే లేపాలని మావారూ మా అబ్బాయీ నిర్ణయించారు. వాళ్ళని తప్పుపట్టను. నేనే ఊఁ అన్నాను. మడిలో ఉన్న ఆకంతా కోసేసి, వేళ్ళున్న కాడలు ఒక గుప్పెడు మాత్రం ఆకుతో సహా తడిగోనెలో చుట్టి నీడన పెట్టాను. వాటికి ఎవరి పెరట్లోనైనా జానెడు చోటు దొరకాలి, లేకపోతే మా నాయనమ్మ పెంచిన మొక్క నాతో సరి.

గుంటగలగర అంటే అందరికీ తెలిసింది తెల్లపూలది. పొలం గట్ల మీదా కాలవల పక్కనా దానంతటదే వస్తుంది, పోతుంది. మాది పచ్చపూలది. నేలని పట్టుకుని పాకుతూ, కణుపు కణుపుకీ వేరు దించుకుంటూ, గరుకాకుల మధ్యనుంచి సన్నని కాడ పైకి లేపి దాని చివర చిట్టి పొద్దుతిరుగుడులాంటి పువ్వు పూస్తుంది. ఏటికేడాది చావకుండా ఉంటుంది, కానీ దానికి అడుగున తడి ఉండాలి, పైన నీడ ఉండాలి. మా తిరువూరు ఎర్రనేలలో, మామిడికాయలు చెట్టుమీదే ఉడికిపోయే ఎండల్లో ఆ రెండూ ఇవ్వడమంటే పసిపిల్లని సాకినట్టే. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. మా ఇంట్లో మాత్రం దాన్ని మించిన మందు లేదన్నట్టు చూసేవాళ్ళు.

నా చిన్నప్పుడు మా పెరట్లో తాటాకు తడికెల చాటున ఒక పెద్ద నాపరాయి బండ ఉండేది. ఇంటిల్లిపాదికీ అదే స్నానాలగది. బండ మీది నీళ్ళు జారే వైపున నాయనమ్మ ఆ మొక్కని మడికట్టి పెంచింది. అందుకని ఆ బండ మీద సబ్బు నిషేధం. పిల్లలకి సున్నిపిండి, తలంటు రోజున కుంకుడుకాయ పులుసు, మగవాళ్ళకి ఉత్త నీళ్ళు. పట్నంనుంచి చుట్టాలెవరైనా సబ్బుపెట్టెతో దిగితే నాయనమ్మ మర్యాదగానే బకెట్టు అందించి, "అటు గేదెల పాక దగ్గర పోసుకోండి నాయనా, గాలి బాగా వస్తుంది" అనేది. మేము ఆ పువ్వుల్ని కాడలతో తెంపి చెవి వెనక పెట్టుకుని పేరంటాలాట ఆడితే కేకలేసేది గానీ, కొట్టేది కాదు. అచ్చనగాయలు మాత్రం మడికి దూరంగా, బాదం చెట్టు కింద ఆడుకోవాలి.

వానలు తగ్గి, దసరా వెళ్ళాక, ఆకు ముదిరి నల్లగా నిగనిగలాడేటప్పుడు నూనె కాచే రోజు వచ్చేది. ఆ పొద్దున ఇంట్లో వంట కూడా రెండో పనే. చద్దన్నంలో మాగాయ కలిపి ముద్దలు చేతిలో పెట్టి మమ్మల్ని ఆకు దూయడానికి కూర్చోబెట్టేవాళ్ళు. అమ్మ రోట్లో నూరితే, నాయనమ్మ పాత పంచెగుడ్డలో వేసి పిండేది. అందరి చేతులూ మణికట్టుదాకా నల్లబడేవి, వారం రోజులు బళ్ళో పలక పట్టుకుంటే వెక్కిరింతలు. నూనె చిటపట ఆగాక నాయనమ్మ ఒక వత్తి ముంచి వెలిగించేది. చిటచిటలాడిందంటే లోపల ఇంకా నీరుందన్నమాట, మళ్ళీ పొయ్యి మీదికి. నిమ్మళంగా వెలిగితే దించడమే. దీపావళి పొద్దున చలిలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి ఆ కొత్త నూనె మాడున చరిచి, తలంటిపోసి, తడి జుట్టుకి సాంబ్రాణి పట్టి, చేతిలో మినపసున్నుండ పెట్టేవాళ్ళు. మా పక్కింటి బీబమ్మగారు తన కూతుళ్ళకోసం చెంబు తెచ్చుకుని నూనె నింపుకుపోయేది. రంజానుకి అదే చెంబులో సేమ్యా పాయసం వచ్చేది. పాయసంలో ఆ వాసన కాస్త ఉండేదని మా తమ్ముడు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు.

నేను మూడో తరగతి చదివే ఏడు వేసవి మొదట్లో మా సుశీలత్తకి, అంటే నాన్న చెల్లెలికి, టైఫాయిడ్ వచ్చింది. ఇంటర్ మొదటి ఏడు చదివేది. జ్వరం తగ్గిన కొన్నాళ్ళకి జుట్టు రాలడం మొదలైంది. దువ్వెన పెడితే పాయలకి పాయలే. పిరుదులు దాటే జడ ఆమెది. దాన్ని వేసుకుని ఆవిడ వీధిలోకి వెళితే నేను వెనకాలే వెళ్ళేదాన్ని, ఆ జడ మా ఇంటిదని అందరికీ తెలియాలని. నెల తిరిగేసరికి మాడు కనపడసాగింది. అత్త నెత్తిన తువ్వాలు చుట్టుకుని లోపలి గదిలోంచి రావడం మానేసింది. కాలేజీ తెరిచినా వెళ్ళనని ముందే చెప్పేసింది. ఎవరెంత చెప్పినా ఒకటే మాట, "జుట్టొస్తే వెళ్తా. లేకపోతే చదువే వద్దు నాకు."

నాయనమ్మ ఆశంతా నూనె మీదే. పాత నూనె అడుగంటింది, మడిలో చూస్తే ఎండలకి ఆకు పలచబడి ఉంది. మా తాతయ్య మాట తక్కువ మనిషి. కూతురు తువ్వాలు కట్టుకుని గోడవైపు తిరిగి పడుకోవడం ఆయన చూడలేకపోయాడు. ఒకనాటి సాయంత్రం పొలంనుంచి వచ్చి, చావిట్లో వరికోసం తెచ్చిన యూరియా బస్తా విప్పి, రెండు దోసిళ్ళు తెచ్చి మడంతా చల్లాడు. ఆయనకి తెలిసిన వైద్యం అది. చేను పసుపెక్కితే చల్లేవాడు, మూడోనాటికి పచ్చబడేది. గుంటగలగర మూడోనాటికి కాలిపోయింది. ఆకులన్నీ అంచుల్నుంచి మాడి, చుట్టుకుపోయి, ముట్టుకుంటే పొడయ్యాయి. బండ అంచుకిందికి దూరిన రెండు తీగలు మాత్రం పచ్చగా మిగిలాయి.

నాయనమ్మ తల పట్టుకుని బండ మీద కూర్చుంది. "ఇదేమన్నా మీ వరిచేనేంటండీ? ఎవర్నడిగి చల్లారు?" అంది. తాతయ్య పంచె అంచు నలుపుతూ నిలబడ్డాడు. "తొందరగా వస్తదని…" అన్నాడు. ఆ రాత్రి ఆయన అన్నం కూడా తినలేదు.

మట్టిలో దిగిన ఆ యూరియా ఉప్పు కడిగితే తప్ప నేల బతకదని నాయనమ్మ తేల్చింది. బావిలో చూస్తే నీళ్ళు చేదకి అందీ అందనట్టున్నాయి. తాగడానికే కష్టంగా ఉన్నప్పుడు మొక్కకి కడవలు పొయ్యాలంటే ఎవరొప్పుకుంటారు? అందుకని అందరి స్నానాలూ ఆ బండ మీదే, రెండు పూటలా. గేదెల పాక దగ్గర పోసుకునే పాలేరు కూడా ఇక్కడే. ఆఖరికి బీబమ్మగారు సంగతి విని, తన పిల్లలందర్నీ వాళ్ళ బావి నీళ్ళతోనే బిందెలు మోయించుకుని మా బండ మీదికి తోలింది. "సుశీల మా పిల్ల కాదా ఏంటి, పొయ్యండ్రా" అనేది. అందరం కలిసి అరుస్తూ, ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ ఉంటే, లోపలి గది కిటికీ కొంచెంగా తెరుచుకునేది. అత్త చూస్తోందని మాకు తెలుసు, మేమింకా గట్టిగా అరిచేవాళ్ళం.

మృగశిర కార్తెలో చినుకులు పడ్డాక ఆ రెండు తీగలూ బండ కిందినుంచి బయటికొచ్చి కణుపుల దగ్గర వేళ్ళు దించాయి. దసరాదాకా ఆగకుండా, దొరికిన లేతాకుతోనే నాయనమ్మ చారెడు నూనె కాచి రోజూ సాయంత్రం అత్త మాడుకి రాసి, అరగంట మర్దనా చేసేది. వినాయకచవితికి ఉండ్రాళ్ళు తినే వేళకి నెత్తి మీద నల్లటి నూగు కనిపించింది. జ్వరానికి ఊడిన జుట్టు ఎలాగూ తిరిగొస్తుందని కాంపౌండరు అన్నాడట. "వస్తే రానీ, నూనె రాస్తే ఏం అడ్డమా?" అంది నాయనమ్మ. మగపిల్లాడి క్రాపంత జుట్టుతో అత్త కాలేజీకి వెళ్ళిన రోజున తాతయ్య వీధి చివరిదాకా వెనకే నడిచాడు.

అదంతా పోయింది. తాతయ్య, నాయనమ్మ వెళ్ళిపోయారు, పాత ఇంటి చోట దుకాణాలు లేచాయి. పెళ్ళయి రెండు వీధుల అవతలికి వస్తూ నేను తెచ్చుకున్న నాలుగు కాడలే ఇన్నేళ్ళుగా మా బాత్రూం గొట్టం పక్కన పాకుతూ వచ్చాయి. నూనె మాత్రం అందరికీ కావాలి. దీపావళి వస్తోందంటే చాలు ఫోన్లే ఫోన్లు. "అక్కా, మా అమ్మాయికి ఒక సీసా", "వదినా, నాకు రెండు". మొక్క తీసుకోండే అంటే ఒకరికి చోటు లేదు, ఒకరికి నీళ్ళు లేవు, ఇంకొకరికి దోమలు. మేడ మీద కుండీలో పెట్టి చూశాను, మన ఎండకి వారంలో మాడింది. కందకి లేని దురద కత్తిపీటకెందుకని ఎన్నిసార్లు అనుకున్నానో, మళ్ళీ మర్నాడు చెంబు పట్టుకుని వెళ్ళి పోసేదాన్ని. నిజం చెప్పొద్దూ, విసుగొచ్చింది. అలిసిపోయాను.

ఆదివారం పొద్దున ఆ తడిగోనె మూట ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కి పెనుగొలను వెళ్ళాను. సుశీలత్త అక్కడే ఉంటుంది, కొడుకు దగ్గర. ఇంకెవరు కాదన్నా ఆవిడ కాదనదని నా ధీమా. నన్ను చూసి సంబరంగా లేచొచ్చింది. తెల్లటి ముడి, పిడికెడంత ఉంది. మూట విప్పుతుంటే వాసనకే కళ్ళు మూసుకుంది.

"అత్తా, ఇవి నీ పెరట్లో పెట్టుకోవే. నాకింక చేతకావట్లా" అన్నాను.

ఆవిడ చెయ్యి పట్టుకుని నన్ను వెనక్కి తీసుకెళ్ళింది. పెరడంతా కొత్త టైల్సు. గోడనుంచి గోడదాకా ఎక్కడా మట్టి లేదు, తులసి కూడా గోడమీద ప్లాస్టిక్ కుండీలో ఉంది. "కాలు జారుద్దని పిల్లలు వేయించారే. నాకోసమే" అంది. నేను మూట మళ్ళీ కట్టబోతే ఆపింది.

"మళ్ళీ ఎక్కడికి మోస్తావే తల్లీ. ఇలా తే, ఎండకముందే నూనె చేసుకుందాం."

లోపలికెళ్ళి చేట తెచ్చింది. కాడల వేళ్ళకి మట్టి ఇంకా తడిగా అంటుకునే ఉంది. ఆ గుమ్మంలోనే కూర్చుని ఇద్దరం ఆకు దూయడం మొదలుపెట్టాం.